పేరు తెలిస్తేనే రక్షణ: ఆండమాన్ జలాల్లో చేపలను గుర్తించేదెలా?

శ్రీవిజయపురం: ఒకే వలలో పడిన రెండు చేపల్లో ఒకటి మార్కెట్లో మంచి ధర పలికేది, మరొకటి పట్టుకుంటే కేసు నమోదయ్యేది కావచ్చు. ఒకటి ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినేది, మరొకటి ముద్ద నోట పెట్టిన కొద్ది గంటల్లోనే ప్రాణం తీసేది కావచ్చు. పైకి అవి రెండూ దాదాపు ఒకేలా కనిపించవచ్చు. ఆండమాన్ నికోబార్ దీవుల చుట్టూ ఉన్న జలాల్లో శాస్త్రవేత్తలు ఇప్పటివరకు 1,400కు పైగా చేప జాతులను నమోదు చేశారు. ఇంత వైవిధ్యం ఉన్నచోట ఏ చేప ఏదో తెలుసుకోవడం కేవలం శాస్త్రజ్ఞుల వ్యవహారం కాదు. మత్స్యకారుడి ఆదాయం, వినియోగదారుడి ఆరోగ్యం, వన్యప్రాణి చట్టం అమలు, పగడపు దిబ్బల భవిష్యత్తు ఈ గుర్తింపుతో ముడిపడి ఉన్నాయి.

చిన్న దీవులను, రాతి దిబ్బలను కలుపుకుని 836 భూభాగాలున్న ఈ ద్వీపసమూహానికి సుదీర్ఘమైన తీరరేఖ ఉంది. దాని చుట్టూ సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్ల ప్రత్యేక ఆర్థిక మండలి విస్తరించి ఉంది. ఇది దేశం మొత్తం ప్రత్యేక ఆర్థిక మండలిలో 30 శాతానికి దగ్గరగా ఉంటుంది. మడ అడవుల నడుమ పారే ఉప్పుటేర్లు, సముద్రపు గడ్డి పెరిగే ఇసుక మేటలు, పగడపు దిబ్బలు, అగాధమైన నడిసముద్రం ఇక్కడ ఒకదానికొకటి చేరువలోనే ఉంటాయి. తీరానికి ఎంతో దూరం పోకుండానే లోతైన జలాలు మొదలవుతాయి. ఒక్కో ఆవాసానికి ఒక్కో చేపల సమాజం ఉంటుంది. అందువల్ల ఈ దీవుల్లో చేపను గుర్తించడంలో తొలి ప్రశ్న ‘ఇది ఎలా ఉంది’ అన్నది మాత్రమే కాదు, ‘ఇది ఎక్కడ దొరికింది’ అన్నది కూడా.

తెలుగు పేరు మోస్తున్న శాస్త్రీయ నామం

చేపల గుర్తింపు చరిత్రలో తెలుగు తీరానికి ప్రత్యేక స్థానముంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో రెండు సంపుటాలుగా ప్రచురించారు. అక్కడి జాలరులు పలికిన పేర్లనే ఆయన ఆయా చేపలకు శీర్షికలుగా పెట్టారు. ఆ తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ కువియే వాటిలో కొన్ని పేర్లను శాస్త్రీయ నామాల్లోకి తీసుకున్నారు. ప్రపంచమంతా ‘రాస్ట్రెల్లిజర్ కనగుర్తా’గా పిలిచే చేప తెలుగువారి కనగుర్తే. ‘స్ఫైరీనా జెల్లో’ అనే బరాకుడా జాతి పేరులోని చివరి మాట కూడా విశాఖ జాలరుల నుంచి రస్సెల్ రాసుకున్నదే. ఈ రెండు చేపలూ ఆండమాన్ జలాల్లో దొరుకుతాయి.

ఆండమాన్ చేపల శాస్త్రీయ అధ్యయనానికి తొలినాళ్లలో పునాది వేసినవారిలో సర్జన్ మేజర్ ఫ్రాన్సిస్ డే ముఖ్యులు. ఆయన ఆండమాన్ దీవుల చేపలపై రాసిన వ్యాసం 1870 నాటి లండన్ జూలాజికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వెలువడింది. 1875–78 మధ్య ప్రచురితమైన ఆయన ‘ది ఫిషెస్ ఆఫ్ ఇండియా’ను పరిశోధకులు నేటికీ తిరగేస్తారు. ప్రస్తుతం శ్రీవిజయపురంలోని భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం, భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, భారత మత్స్య సర్వేక్షణ సంస్థ ఈ కృషిని కొనసాగిస్తున్నాయి.

దీవుల జనాభాలోనూ తెలుగువారి వాటా తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఉన్నాయి. రాజధాని నగరంలోని జంగ్లీఘాట్ రేవులో దిగే ఒకే చేపను తెలుగు, బెంగాలీ, తమిళం, మలయాళం, హిందీ మాట్లాడేవారు వేర్వేరు పేర్లతో పిలుస్తారు. ఒకే పేరు రెండు మూడు జాతులకు వర్తించే సందర్భాలూ ఉంటాయి. అందుకే ప్రాంతీయ నామాలు ఎంత విలువైనవైనా, చేప శరీర లక్షణాలతో సరిచూసుకోవడం తప్పనిసరి.

శరీరంపై ఉన్న ఆధారాలు

చేపను చూడగానే అందరి దృష్టీ మొదట రంగుపై, పరిమాణంపై పడుతుంది. నిజానికి ఈ రెండూ అంత నమ్మదగిన ఆధారాలు కావు. చేప చనిపోయిన కొద్దిసేపటికే రంగు మారడం మొదలవుతుంది, మంచులో మరింత వెలిసిపోతుంది. వయసును బట్టి, లింగాన్ని బట్టి కూడా రంగు మారుతుంది. ఇక పరిమాణం విషయానికొస్తే, పెద్ద జాతికి చెందిన పిల్ల చేప చిన్న జాతికి చెందిన పెద్ద చేపలా కనిపించవచ్చు.

వర్గీకరణ శాస్త్రజ్ఞులు స్థిరంగా ఉండే లక్షణాలను ఆశ్రయిస్తారు. నోరు ముట్టె చివర ఉందా, కిందివైపు ఉందా అన్నది చూస్తారు. వీపు రెక్క ఒకటా, రెండా, అందులో గట్టి ముళ్లు ఎన్ని, మెత్తని కిరణాలు ఎన్ని అన్నది లెక్కిస్తారు. మొప్ప కప్పు అంచు నునుపుగా ఉందా, రంపంలా ఉందా అని పరిశీలిస్తారు. శరీరం పక్కగా తల నుంచి తోక వరకు సాగే పార్శ్వరేఖ ఏ ఆకారంలో వంగిందో, దాని వెంట ఎన్ని పొలుసులున్నాయో గమనిస్తారు. తోక గుండ్రంగా ఉందా, చీలి ఉందా, నెలవంకలా ఉందా అన్నది జీవన విధానాన్ని కూడా సూచిస్తుంది. నెలవంక తోక సుదూరం ఈదే చేపలకు, గుండ్రని తోక రాళ్ల మాటున పొంచి ఒక్కసారిగా దూకే చేపలకు ఎక్కువగా ఉంటుంది.

కనగుర్తనే ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని నోరు తెరిచి చూస్తే మొప్పల దగ్గర ఈకల్లాంటి పొడవైన పుల్లలు కనిపిస్తాయి. నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టి తినేందుకు అవి జల్లెడలా పనిచేస్తాయి. ఛాతీ రెక్క కింది అంచు దగ్గర ఒక నల్లని మచ్చ ఉంటుంది. దీనికి దగ్గరి బంధువైన ‘రాస్ట్రెల్లిజర్ బ్రాకీసోమా’ శరీరం ఇంకా వెడల్పుగా ఉంటుంది. రెండూ ఒకే గంపలో కలిసి అమ్ముడైనా, వాటి నిల్వలను అంచనా వేయాలంటే మాత్రం విడివిడిగా లెక్కించాల్సిందే.

మడ అడవుల నుంచి సముద్రపు గడ్డి వరకు

దీవుల్లో 600 చదరపు కిలోమీటర్లకు పైగా మడ అడవులు ఉన్నాయి. పోటు సమయంలో నీట మునిగి, పాటు సమయంలో బురద తేలే ఈ ప్రాంతంలో బతికే చేపలు ఆ పరిస్థితికి తగిన శరీరాన్ని సంతరించుకున్నాయి. మడ్‌స్కిప్పర్ల కళ్లు నెత్తిమీద ఉబ్బెత్తుగా ఉంటాయి. ఛాతీ రెక్కలను కాళ్లలా వాడుతూ అవి బురదపై గెంతుతాయి, తడి చర్మం ద్వారా కూడా శ్వాసిస్తాయి. కొమ్మలపై వాలిన పురుగులను నోటితో నీటి ధార చిమ్మి పడగొట్టే ఆర్చర్ చేపలదీ ఇదే ఆవాసం. వాటి వీపు ముట్టె నుంచి దాదాపు తిన్నగా సాగుతుంది, వీపు రెక్క బాగా వెనక్కి ఉంటుంది, పక్కల నల్లని మచ్చలుంటాయి. నీటి ఉపరితలానికి అంటుకుని తిరిగే చేపకు ఈ నిర్మాణం అనుకూలం.

ఆంధ్రప్రదేశ్ చెరువుల్లోనూ పెంచుతున్న పండుగప్ప ఈ ఉప్పుటేర్లలో సహజంగా పెరుగుతుంది. దీని నోరు పెద్దది. పైదవడ ఎముక కంటిని దాటి వెనక్కి సాగుతుంది. మొప్ప కప్పుకు ముందుండే ఎముక కింది అంచు రంపపు పళ్లలా ఉంటుంది. పండుగప్పలా కనిపించే ‘సామోపెర్కా’ అనే చేప రాళ్లు, పగడాలు ఉన్న సముద్ర తీరంలో ఉంటుంది. అంత పెద్దదిగా ఎదగదు. దాని పైదవడ కంటి మధ్య వరకే వస్తుంది. ఆ ఎముక కింది అంచు నునుపుగా ఉండి, మూలన ఒక్క ముల్లు మాత్రమే ఉంటుంది. దొరికిన చోటు, దవడ పొడవు, ఎముక అంచు అనే మూడు ఆధారాలను కలిపి చూస్తే పొరపాటుకు తావుండదు.

మడ అడవులు దాటి కాస్త ముందుకు వెళితే సముద్రపు గడ్డి మైదానాలు కనిపిస్తాయి. నీటి గుర్రాలు, పైప్ చేపలు ఈ గడ్డిని పట్టుకుని లేదా గడ్డి పోచల్లా కనిపిస్తూ జీవిస్తాయి. రెండింటికీ ఎముక వలయాలతో కూడిన కవచం ఉంటుంది. మెడ వంచినట్టుండి, తోకతో కొమ్మను చుట్టుకోగలిగేది నీటి గుర్రం. శరీరం కర్రలా తిన్నగా ఉండేది పైప్ చేప. రెండింటిలోనూ గుడ్లను మోసేది మగ చేపే. ఎండబెట్టి అక్రమంగా ఎగుమతి చేస్తున్న కారణంగా ఈ కుటుంబాన్ని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. గడ్డి మేసే కుందేలు చేపలు కూడా ఇక్కడే మందలుగా తిరుగుతాయి. వీపు రెక్కలో 13, పాయు రెక్కలో 7 ముళ్లు ఉండటం వీటి గుర్తు. ఆ ముళ్లు విషపూరితమైనవి కాబట్టి వల నుంచి తీసేటప్పుడు జాగ్రత్త అవసరం.

పగడపు దిబ్బల్లో రంగులు చేసే మాయ

ఆండమాన్‌కు వచ్చే పర్యాటకులు ఎక్కువగా చూసేది పగడపు దిబ్బల చేపలనే. వండూర్ వద్ద 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు, రిచీ ద్వీపసమూహంలోని రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ పార్కు ఈ సంపదను కాపాడేందుకు ఉద్దేశించినవి. ఇక్కడ కుటుంబాలను గుర్తించడం అంత కష్టం కాదు. దవడ పళ్లు కలిసిపోయి చిలుక ముక్కులా ఉంటే అది చిలుక చేప. తోక మొదట్లో కత్తి లాంటి పదునైన ముల్లు ఉంటే సర్జన్ చేప. పలుచని పళ్లెంలాంటి శరీరం, ముందుకు పొడుచుకొచ్చిన చిన్న నోరు ఉంటే సీతాకోక చేప. అదే ఆకారంలో ఉండి మొప్ప కప్పు మూలన వెనక్కి తిరిగిన గట్టి ముల్లు ఉంటే ఏంజెల్ చేప.

అసలు చిక్కు జాతుల దగ్గర మొదలవుతుంది. ఎంపరర్ ఏంజెల్ చేప దీనికి చక్కటి ఉదాహరణ. ఎదిగిన చేప శరీరంపై పసుపు, నీలం చారలు ఏటవాలుగా సాగుతాయి. పిల్ల చేప మాత్రం ముదురు నీలం రంగులో, తోక వైపు కేంద్రీకృతమైన తెల్లని వలయాలతో ఉంటుంది. ఈ రెండింటికీ పోలికే ఉండదు. 1787లో ఎదిగిన చేపను వర్ణించి పేరు పెట్టిన తర్వాత, 1801లో వలయాలున్న పిల్ల చేపకు నికోబార్ దీవుల పేరు మీదుగా మరో శాస్త్రీయ నామం పెట్టారు. తర్వాతి కాలంలో రెండూ ఒకటేనని తేలడంతో ఆ పేరు రద్దయింది. నికోబార్ పేరు మోసిన ‘జాతి’ అసలు వేరే జాతి కానేకాదు.

దీనికి విరుద్ధమైన ఉదంతం ఆండమాన్ సీతాకోక చేపది. పసుపు శరీరం, కంటి మీదుగా నల్లని పట్టీ, తోక మొదట్లో నల్లని మచ్చ ఉన్న ఈ చేపను చాలాకాలం పసిఫిక్‌లో ఎక్కువగా కనిపించే మరో జాతిగానే భావించారు. ఆ పసిఫిక్ జాతికి పక్కన నీలిరంగు మచ్చ ఉంటుంది, ఆండమాన్ చేపకు ఉండదు. ఈ తేడా ఆధారంగా 1999లో దీన్ని ‘కీటోడాన్ ఆండమానెన్సిస్’ అనే ప్రత్యేక జాతిగా వర్ణించారు. రెండుగా కనిపించినవి ఒకటి కావచ్చు, ఒకటిగా కనిపించినవి రెండు కావచ్చు అనడానికి ఈ రెండు చేపలే నిదర్శనం.

మూరిష్ ఐడల్, పెన్నెంట్ సీతాకోక చేపలను పర్యాటకులే కాదు, కొత్తగా డైవింగ్ నేర్చుకున్నవారు కూడా తరచూ పొరబడతారు. రెండింటికీ నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు నుంచి పొడవుగా సాగే తెల్లని తోరణం ఉంటాయి. తోక రెక్క నల్లగా ఉంటే మూరిష్ ఐడల్, పసుపు రంగులో ఉంటే పెన్నెంట్.

హాస్యపు చేపలుగా పేరొందిన క్లౌన్ చేపలను గుర్తించేందుకు తెల్లని పట్టీలను చూడాలి. నారింజ రంగు శరీరంపై మూడు తెల్లని పట్టీలుంటే ‘ఆసెల్లారిస్’. ఎదిగిన చేపకు పట్టీలే లేకుండా పక్కన పెద్ద నల్లని మచ్చ జీనులా పరచుకుని ఉంటే ‘ఎఫిపియమ్’. వీపు వెంట పొడవునా ఒకే తెల్లని చార ఉంటే ‘అకల్లోపైసోస్’. ఇవన్నీ సీ ఎనిమోన్ల మధ్యే జీవిస్తాయి. ఎనిమోన్ కనిపించని చోట ఇటువంటి చేప కనబడితే గుర్తింపును మరోసారి సరిచూసుకోవాలి.

మోసం చేసేందుకే మరో చేప రూపం ధరించిన జీవులూ దిబ్బల్లో ఉన్నాయి. పెద్ద చేపల శరీరంపై పరాన్నజీవులను తిని శుభ్రపరిచే క్లీనర్ రాస్ అనే చిన్న చేపకు నీలి శరీరంపై నల్లని చార ఉంటుంది. అచ్చంగా అదే వేషంలో ఉండే ఒక బ్లెన్నీ చేప సేవ కోసం వచ్చిన పెద్ద చేపల రెక్కలను కొరికి పారిపోతుంది. రెండింటి మధ్య తేడా నోటిలో ఉంది. క్లీనర్ రాస్ నోరు ముట్టె కొనన ఉంటుంది, బ్లెన్నీ నోరు ముట్టె కింద ఉంటుంది.

బొంతల విషయంలో ముళ్ల లెక్క

తెలుగు తీరంలో బొంతలుగా పిలిచే గ్రూపర్లు దీవుల మత్స్య వ్యాపారంలో విలువైనవి. వీటికి ఎగుమతి మార్కెట్ కూడా ఉంది. మచ్చలు, రంగులు ఒకదానితో ఒకటి కలిసిపోయే ఈ కుటుంబంలో వీపు రెక్క ముళ్లను లెక్కించడం తేలికైన మార్గం. ఎపినెఫెలస్ ప్రజాతికి సాధారణంగా 11 ముళ్లు, సెఫలోఫోలిస్‌కు 9, పగడపు దిబ్బల ట్రౌట్‌గా పిలిచే ప్లెక్ట్రోపోమస్‌కు 8 వరకు ఉంటాయి. నెలవంక తోక ఉన్న వేరియోలాకు 9 ముళ్లే ఉంటాయి. అందులోని రెండు జాతులను తోక అంచు వేరు చేస్తుంది. అంచు పసుపుగా ఉంటే ఒకటి, సన్నని తెల్లని గీతగా ఉంటే మరొకటి.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, బొంతల్లో అత్యంత పెద్దదైన జెయింట్ గ్రూపర్‌ను కూడా 2001లో చట్టపరమైన రక్షణ కిందికి తెచ్చారు. ఇది రెండున్నర మీటర్లకు మించి పెరుగుతుంది, 400 కిలోల వరకు తూగగలదు. అంత పెద్ద చేపను ఎవరైనా గుర్తిస్తారు. సమస్య దాని పిల్లలతోనే. పసుపు శరీరంపై క్రమం లేని నల్లని పట్టీలున్న పిల్ల చేపకు, బూడిద గోధుమ రంగులోని పెద్ద చేపకు పోలికే కనిపించదు. మామూలు బొంతగా భావించి పట్టుకునే ప్రమాదం ఉంది. పైగా బొంతల్లో అనేక జాతులు మొదట ఆడ చేపలుగా పెరిగి, తర్వాత మగ చేపలుగా మారతాయి. పెద్ద చేపలనే ఎంచి పట్టుకుంటూ పోతే మగ చేపలు కరువై సంతానోత్పత్తి దెబ్బతింటుంది. పండుగప్పది ఇందుకు విరుద్ధం. అది మొదట మగగా ఎదిగి తర్వాత ఆడగా మారుతుంది. జాతి తెలియకుండా ఎంత పరిమాణం గల చేపను వదిలివేయాలో నిర్ణయించడం సాధ్యం కాదు.

నుదుట బుడిపె ఉన్న రెండు భారీ చేపలు కూడా గందరగోళానికి కారణమవుతాయి. కంటి వెనుక రెండు నల్లని గీతలు, మందమైన పెదవులు ఉంటే అది నెపోలియన్ రాస్. పెదవుల స్థానంలో చిలుక ముక్కులాంటి దవడలు బయటికి కనిపిస్తే బంప్‌హెడ్ చిలుక చేప. నెపోలియన్ రాస్ వాణిజ్యం 2005 నుంచి అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం నియంత్రణలో ఉంది.

నడిసముద్రంలో సూరలు, వంజరాలు

పగడపు దిబ్బలు దాటి లోతు జలాల్లోకి వెళితే రంగుల ప్రపంచం ముగుస్తుంది. అక్కడి చేపలన్నీ దాదాపు ఒకే తీరు. వీపు ముదురు నీలం, పొట్ట వెండి రంగు, శరీరం కదురులా ఉంటుంది. పైనుంచి చూసే పక్షికి, కిందనుంచి చూసే సొరకు కనిపించకుండా ఉండేందుకు ఈ రంగులు ఉపయోగపడతాయి. సూరలుగా పిలిచే ట్యూనాలను గుర్తించాలంటే పొట్ట వైపు చూడాలి. పొట్టపై పొడవునా నాలుగు నుంచి ఆరు నల్లని చారలుంటే స్కిప్‌జాక్. వీపుపై అలల్లాంటి గీతలు, ఛాతీ రెక్క కింద కొన్ని నల్లని చుక్కలు ఉంటే చిన్న సూర. వీపు రెక్కలు రెండూ దూరదూరంగా ఉండి పొట్టపై చుక్కలు లేకుంటే ఫ్రిగేట్ ట్యూనా. పెద్ద చేపల్లో రెండో వీపు రెక్క, పాయు రెక్క పసుపు కొడవళ్లలా పొడవుగా సాగితే ఎల్లోఫిన్. దానిని పోలిన బిగ్‌ఐ ట్యూనాను కచ్చితంగా తేల్చేందుకు కాలేయాన్ని పరిశీలిస్తారు. బిగ్‌ఐ కాలేయంపై చారలుంటాయి, ఎల్లోఫిన్‌కు ఉండవు.

వంజరం కొనుగోలులోనూ ఇదే మెలకువ పనికొస్తుంది. పక్కలపై నిలువు పట్టీలుండి, రెండో వీపు రెక్క చివర దగ్గర పార్శ్వరేఖ ఒక్కసారిగా కిందికి వంగితే అది పెద్ద వంజరం. పట్టీలకు బదులు వరుసల్లో చుక్కలుండి, పార్శ్వరేఖ నెమ్మదిగా వంగుతూ సాగితే చుక్కల వంజరం. ముట్టె మరీ పొడవుగా, తల మొత్తంలో సగం ఉంటే అది వాహూ అనే వేరే చేప.

రెక్క కోస్తే ఆధారమూ పోతుంది

గుర్తింపులో చిన్న పొరపాటు కూడా పెద్ద పరిణామాలకు దారితీసేది సొరలు, టేకుల విషయంలో. సొరకు మొప్ప చీలికలు పక్కన ఉంటాయి, టేకుకు శరీరం కింద ఉంటాయి. రంపపు ముట్టె గల సా ఫిష్‌ను చూసి సొర అనుకునేవారు చాలామంది. దాని మొప్ప చీలికలు కింద ఉన్నాయి కాబట్టి అది టేకు వర్గానిదే. తిమింగల సొర, రంపపు ముట్టె చేపలు, గంగా సొర, పాండిచ్చేరి సొర, పోర్కుపైన్ టేకు తదితర జాతులను 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. 2022 నాటి సవరణతో ఈ చట్టం షెడ్యూళ్లను పునర్వ్యవస్థీకరించారు.

తిమింగల సొరను గుర్తించడం తేలిక. నోరు ముట్టె కొనన వెడల్పుగా ఉంటుంది, వీపుపై తెల్లని చుక్కలు, గీతలు చదరంగపు పలకలా పరచుకుని ఉంటాయి. ఆ చుక్కల అమరికను బట్టి ఒక్కో చేపను విడివిడిగా గుర్తించవచ్చు కూడా. పోర్కుపైన్ టేకుకు ఇతర టేకుల్లా తోకపై విషపు ముల్లు ఉండదు. దానికి బదులు గుండ్రని శరీరమంతా గట్టి కంటకాలతో నిండి ఉంటుంది. సుత్తి తల సొరల్లో తల ముందు అంచు మధ్యలో నొక్కు ఉండి వంపు తిరిగితే ఒక జాతి, అంచు దాదాపు తిన్నగా ఉండి వీపు రెక్క కొడవలిలా చాలా ఎత్తుగా ఉంటే మరో జాతి.

ఈ లక్షణాలన్నీ చేప మొత్తంగా ఉన్నప్పుడే కనిపిస్తాయి. రెక్కలు కోసి, తల తీసి, మొండెం మాత్రమే ఒడ్డుకు తెస్తే అది రక్షిత జాతిదో కాదో ఏ అధికారీ చూసి చెప్పలేరు. అందుకే సొరలను రెక్కలు సహజంగా శరీరానికి అతుక్కుని ఉన్న స్థితిలోనే ఒడ్డుకు చేర్చాలనే విధానాన్ని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2013లో ప్రకటించింది. 2015లో సొర రెక్కల ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఈ నిబంధనలు నిలబడేది రేవులో చేపను గుర్తించగలిగే మనిషి ఉన్నప్పుడే.

విషాన్ని ముందే పసిగట్టాలి

వినియోగదారుల కోణంలో అన్నింటికన్నా ముఖ్యమైనది కప్ప చేపల గుర్తింపు. బెదిరినప్పుడు శరీరాన్ని బంతిలా ఉబ్బించే ఈ చేపలకు పొలుసులు ఉండవు, నోటిలో పైన రెండు, కింద రెండు చొప్పున నాలుగు పలకల్లాంటి పళ్లుంటాయి. వీటి కాలేయం, అండాశయాలు, చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. వండినా, వేయించినా అది నశించదు. దీనికి విరుగుడు మందు లేదు. తల, చర్మం తీసేసి ముక్కలుగా అమ్మే చేపను గుర్తించే వీలుండదు కాబట్టి, తెలియని చేప ముక్కలను కొనకపోవడమే క్షేమం.

రాతి చేప మరో రకం ప్రమాదం. పగడపు రాళ్ల మధ్య, లోతు తక్కువ నీటిలో రాయిలానే కదలకుండా పడి ఉంటుంది. దాని వీపుపై 13 విషపు ముళ్లు ఉంటాయి. కాలు వేస్తే తీవ్రమైన నొప్పి, వాపు కలుగుతాయి. గాయమైన భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఉంచడం ప్రథమ చికిత్స. ఆ వెంటనే ఆసుపత్రికి తరలించాలి. ఎర్రని చారలతో, విసనకర్రల్లాంటి రెక్కలతో ఆకర్షించే సింహ చేప ముళ్లు కూడా విషపూరితమే.

మత్స్యకారుడి కన్ను, ప్రయోగశాల పరీక్ష

కంటితో తేల్చలేని సందర్భాల్లో డీఎన్ఏ బార్‌కోడింగ్ తోడ్పడుతుంది. చేప కణాల్లోని ఒక నిర్దిష్ట జన్యువులో సుమారు 650 అక్షరాల భాగాన్ని చదివి, ముందే నమోదైన నమూనాలతో పోలుస్తారు. రెక్క ముక్కతోనో, ఎండు చేప తునకతోనో కూడా జాతిని చెప్పగలగడం దీని ప్రయోజనం. లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరో వంటి సంస్థలు ఈ రంగంలో పనిచేస్తున్నాయి. అయితే పోల్చడానికి సరైన నమూనా ఉండాలి. ఆ నమూనాకు మొదట పేరు పెట్టాల్సింది ముళ్లు, పొలుసులు లెక్కించగలిగిన వర్గీకరణ శాస్త్రజ్ఞుడే. తప్పు పేరుతో నమోదైన డీఎన్ఏ తప్పునే వ్యాప్తి చేస్తుంది.

నమూనా సేకరణకు కొన్ని మౌలిక సూత్రాలున్నాయి. చేప తాజాగా ఉన్నప్పుడే రెక్కలు విప్పి, పక్కన కొలబద్ద ఉంచి, ఎడమ వైపు నుంచి ఫొటో తీయాలి. దొరికిన చోటు, లోతు, వాడిన వల లేదా గాలం, తేదీ రాసుకోవాలి. స్థానిక పేరును పలికిన తీరులోనే నమోదు చేయాలి. రెండు శతాబ్దాల కిందట విశాఖలో రస్సెల్ చేసిన పని సారాంశం కూడా ఇదే. ఏ లోతులో, ఏ పోటుకు, ఏ నెలలో ఏ చేప పడుతుందో మత్స్యకారులకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ జ్ఞానం శాస్త్రీయ నామంతో జతకూడినప్పుడు అది శాశ్వత సమాచారంగా మారుతుంది.

‘ఇతర చేపలు’గా మిగిలిపోకుండా

2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ దీవుల రూపురేఖలను మార్చాయి. ఉత్తర ఆండమాన్‌లో కొన్ని పగడపు దిబ్బలు నీటిపైకి లేచి ఎండిపోయాయి, దక్షిణాన నికోబార్ తీరం సముద్రంలోకి కుంగింది. 2010 వేసవిలో సముద్ర జలాలు వేడెక్కడంతో పగడాలు విస్తారంగా రంగు కోల్పోయి తెల్లబారాయి. ఇటువంటి మార్పులను చేపలు ముందుగా తెలియజేస్తాయి. పగడపు జీవులను మాత్రమే తినే సీతాకోక చేపలు పగడం చనిపోతే తగ్గిపోతాయి. నాచును గీరి తినే చిలుక చేపలు, సర్జన్ చేపలు మిగిలి ఉంటే దిబ్బ కోలుకునే అవకాశం పెరుగుతుంది. కానీ ఈ విషయం తెలియాలంటే లెక్కలో ‘రంగు చేపలు’ అని కాక జాతుల పేర్లు ఉండాలి.

రేవుల్లో నమోదయ్యే లెక్కలకూ ఇదే వర్తిస్తుంది. సొరలన్నీ ఒకే పద్దు కింద, దిబ్బల చేపలన్నీ మరో పద్దు కింద చేరితే మొత్తం బరువు ఏటా స్థిరంగా కనిపించవచ్చు. ఆ పద్దు చాటున నెమ్మదిగా పెరిగే, ఆలస్యంగా పిల్లలు పెట్టే జాతి ఒకటి కనుమరుగవుతుంటే దాని స్థానాన్ని త్వరగా పెరిగే మరో జాతి భర్తీ చేస్తూ ఉంటుంది. బరువు తగ్గదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ‘ఇతర చేపలు’ అనే గడిలో నమోదైన జాతి తగ్గిపోయిందని ఏ గణాంకమూ చెప్పలేదు. వీపు రెక్క ముళ్లు లెక్కించడం, పొట్టపై చారలు చూడటం, నోరు ఎక్కడుందో గమనించడం చిన్న పనులుగా కనిపించినా, ఆండమాన్ జలాల్లోని 1,400కు పైగా జాతుల్లో దేనికి ముప్పు వచ్చిందో సకాలంలో తెలిసేది ఆ చిన్న పనుల వల్లనే.